డిస్కుపై సినిమా: హోం వీడియో విడుదలలు, కలెక్టర్స్ ఎడిషన్లు

థియేటర్లలో ప్రదర్శన ముగిసిన తరువాత ఒక చలనచిత్రాన్ని ఇంట్లో చూసుకునేందుకు వీలుగా క్యాసెట్, డిస్కు వంటి భౌతిక రూపంలో విక్రయించడాన్ని హోం వీడియో విడుదల అంటారు. అదే చిత్రాన్ని మెరుగుపరచిన ప్రతి, తొలగించిన దృశ్యాలు, దర్శకుని వ్యాఖ్యానం, వ్యాసాల పుస్తకం, ప్రత్యేకమైన పెట్టె వంటి వాటితో కలిపి, తరచు పరిమిత సంఖ్యలో తీసుకువస్తే అది కలెక్టర్స్ ఎడిషన్ అవుతుంది. కలెక్టర్ అనగానే తెలుగువారికి జిల్లా పాలనాధికారి గుర్తుకు వస్తారు. ఇక్కడ ఆ మాటకు సేకరణకర్త అని అర్థం.

ఓటీటీ వేదికలు ఇంటింటికీ చేరిన ఈ కాలంలో డిస్కులు గతకాలపు వస్తువులుగా కనిపించవచ్చు. అయినా వాటి చుట్టూ ఒక కీలకమైన ప్రశ్న మిగిలే ఉంది. ఒక సినిమాకు ఎవరూ మార్చలేని, ఎవరూ వెనక్కు తీసుకోలేని స్థిరమైన ప్రతి ప్రేక్షకుని చేతిలో ఉండాలా, అక్కరలేదా? పుస్తకానికి ముద్రణ ఎటువంటిదో సినిమాకు డిస్కు అటువంటిది. ఏటా వందలాది చిత్రాలు నిర్మించే భారతదేశంలో ఆ ముద్రణ దాదాపు నిలిచిపోయింది.

క్యాసెట్ నుంచి 4కె వరకు

సోనీ సంస్థ 1975లో బీటామ్యాక్స్‌ను, జేవీసీ సంస్థ 1976లో వీహెచ్ఎస్‌ను మార్కెట్లోకి తెచ్చాయి. 1977లో ఆండ్రే బ్లే అనే వ్యాపారి ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ నుంచి 50 చిత్రాల హక్కులు తీసుకొని క్యాసెట్లుగా అమ్మడంతో అమెరికాలో హోం వీడియో వ్యాపారానికి పునాది పడింది. వీడియో రికార్డర్ల విక్రయం కాపీరైటు ఉల్లంఘనకు దారి తీస్తోందంటూ స్టూడియోలు దావా వేశాయి. టీవీ కార్యక్రమాన్ని తరువాత చూసుకునేందుకు ఇంట్లో రికార్డు చేసుకోవడం ఉల్లంఘన కాదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పు చెప్పింది. స్టూడియోలు అడ్డుకోవాలనుకున్న యంత్రమే తదనంతర కాలంలో వాటికి ప్రధాన ఆదాయ మార్గాల్లో ఒకటిగా మారింది.

కలెక్టర్స్ ఎడిషన్ అనే భావన రూపుదిద్దుకున్నది మాత్రం క్యాసెట్ మీద కాదు, లేజర్‌డిస్క్ మీద. 1978 చివరిలో అమెరికాలో విడుదలైన ఈ 12 అంగుళాల పళ్లెం ఖరీదైనది కావడంతో సామాన్యులకు చేరలేదు. 1984లో క్రైటీరియన్ సంస్థ 'సిటిజన్ కేన్', 'కింగ్ కాంగ్' చిత్రాలను లేజర్‌డిస్క్‌పై విడుదల చేసింది. 'కింగ్ కాంగ్' డిస్కులో సినిమా నడుస్తుండగానే చరిత్రకారుడు రొనాల్డ్ హేవర్ దాని నిర్మాణ విశేషాలను వివరించే ప్రత్యేక ఆడియో ట్రాక్‌ను చేర్చారు. నేటి ఆడియో కామెంటరీకి అదే తొలి రూపం. వెడల్పు తెర కోసం తీసిన చిత్రాల అంచులను టీవీకి సరిపడేలా కోసివేయడం అప్పట్లో పరిపాటి. అలా కాకుండా తెర పైన, కింద నల్లని పట్టీలు ఉంచి చిత్రాన్ని పూర్తిగా చూపే పద్ధతికి కూడా ఈ డిస్కులే ఆదరణ తెచ్చిపెట్టాయి.

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో విడుదలైంది. ఒక పొరలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల్లో 8.5 గిగాబైట్ల సమాచారం పట్టే ఈ చిన్న పళ్లెం, సంపన్న సేకర్తలకే పరిమితమైన అదనపు విశేషాలను సామాన్య కొనుగోలుదారులకు అందించింది. 2006లో వచ్చిన బ్లూరే సామర్థ్యం ఒక పొరలో 25, రెండు పొరల్లో 50 గిగాబైట్లు. దానికి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీని తోషిబా 2008 ఫిబ్రవరిలో ఉపసంహరించుకుంది. 2016లో వచ్చిన 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో గరిష్ఠంగా 100 గిగాబైట్లు పడతాయి.

భారతదేశంలో: చౌక డిస్కుల కాలం

1982 ఢిల్లీ ఆసియా క్రీడల కాలంలో రంగుల టీవీతో పాటు వీసీఆర్ కూడా భారతీయ ఇళ్లలోకి ప్రవేశించింది. క్యాసెట్లు కొనేవారి కంటే అద్దెకు తెచ్చుకునేవారే అధికం. పట్టణాల్లో వీడియో పార్లర్లు, క్యాసెట్ లైబ్రరీలు వెలిశాయి. వాటి వెంటే పైరసీ కూడా వచ్చింది.

తరువాతి దశలో దేశాన్ని ఏలింది వీసీడీ. 1993లో రూపొందిన ఈ విధానంలో ఒక డిస్కుకు సుమారు 74 నిమిషాల దృశ్యమే పట్టేది. అందువల్ల మన సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు అవసరమయ్యేవి. దృశ్య నాణ్యత వీహెచ్ఎస్ స్థాయిని పెద్దగా మించకపోయినా, చవకైన ప్లేయర్ల పుణ్యమా అని వీసీడీ పల్లెల దాకా చేరింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని రూ.28కి, డీవీడీని రూ.34కి విక్రయించి సంచలనం సృష్టించింది. పైరసీ డిస్కుతో దాదాపు సమానమైన ధరకే అసలు డిస్కు దొరకడం అదే మొదలు.

ఆ చౌక ధర లక్షల కుటుంబాలకు సొంత సినిమా భాండారాన్ని ఇచ్చింది. అదే సమయంలో డిస్కు అంటే చూసి పక్కన పడేసే సరుకన్న అభిప్రాయాన్నీ స్థిరపరచింది. దృశ్యం మూలన చెరగని కంపెనీ ముద్ర, సినిమాకు ముందు ప్రకటనలు, పాటలకు సబ్‌టైటిళ్లు లేకపోవడం, ఒకే డిస్కులో రెండు మూడు సినిమాలు కుక్కడం అప్పటి భారతీయ డిస్కుల్లో సాధారణం. మంచి నెగటివ్ నుంచి శ్రద్ధగా తయారుచేసిన ప్రతికి తగిన ధర చెల్లించే మార్కెట్ ఏర్పడక ముందే చవక ఇంటర్నెట్, ఓటీటీ వచ్చేశాయి. దివాలా ప్రక్రియలోకి వెళ్లిన మోజర్ బేర్ 2018లో మూసివేత దశకు చేరింది. అమెరికాలో కిరాణా కొట్ల నుంచి తెలుగు డీవీడీలు తెచ్చుకున్న ప్రవాసులు కూడా క్రమంగా ఓటీటీ చందాలకు మళ్లారు.

కలెక్టర్స్ ఎడిషన్‌లో ఏముంటుంది?

అమ్మకాల కోసం అందమైన పెట్టెలో పాత డిస్కునే ఉంచి కలెక్టర్స్ ఎడిషన్ అని పేరు పెట్టడమూ ఉంది. లోహపు పెట్టె, చిత్రపటాలు, వరుస సంఖ్య వేసిన పత్రం వంటివి సేకర్తలను ఆకర్షిస్తాయి గాని సినిమాకు కొత్తగా చేర్చేది ఏమీ ఉండదు. విలువైన ఎడిషన్‌కు మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది, మూల నెగటివ్ నుంచి లేదా లభ్యమైన అత్యుత్తమ ప్రతి నుంచి కొత్తగా స్కాన్ చేసిన దృశ్యం. రెండవది, ఏ పాఠాన్ని ఎందుకు ఎంచుకున్నారో తెలిపే వివరణ. మూడవది, చిత్ర నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే వ్యాఖ్యానాలు, డాక్యుమెంటరీలు, వ్యాసాలు.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో వేమన పద్యాల రాతప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి, పరిష్కరించి ప్రచురించారు. చెదిరిన నెగటివ్‌లను, భిన్నమైన కత్తిరింపులను పోల్చి ఒక శుద్ధప్రతిని సిద్ధం చేసే సినీ పునరుద్ధరణ నిపుణులు చేసే పని కూడా అటువంటిదే.

సత్యజిత్ రాయ్ 'అపు' చిత్రత్రయం ఇందుకు చక్కని ఉదాహరణ. 1993లో లండన్‌లోని ఒక ల్యాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో వాటి నెగటివ్‌లు తీవ్రంగా కాలిపోయాయి. పనికిరావని భావించిన ఆ రీళ్లను అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ భద్రపరచింది. దాదాపు రెండు దశాబ్దాల తరువాత క్రైటీరియన్ సంస్థ, ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన లిమ్మాజినే రిత్రోవాతా ల్యాబొరేటరీ కలిసి ఆ రీళ్లను చేతితో బాగుచేసి 4కెలో స్కాన్ చేశాయి. 'పథేర్ పాంచాలీ'లో సుమారు 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా భాగాన్ని మూల నెగటివ్ నుంచే తిరిగి పొందగలిగారు. మిగతా భాగాలను ఇతర ప్రతుల నుంచి పూరించారు. 2015లో పునరుద్ధరించిన చిత్రాలు థియేటర్లకు, ఆపై డిస్కుల రూపంలో ప్రేక్షకులకు చేరాయి. అయితే ఆ డిస్కులు వెలువడింది విదేశాల్లో.

ఏది అసలు సినిమా?

ఆధునిక చిత్రాలకు కూడా పాఠాంతరాల సమస్య ఉంది. రిడ్లీ స్కాట్ 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్' వేర్వేరు రూపాల్లో ప్రచారంలో ఉండేది. 2007 డిసెంబరులో వెలువడిన ఐదు డిస్కుల ఎడిషన్‌లో ప్రాథమిక కూర్పు, అమెరికా విడుదల ప్రతి, అంతర్జాతీయ ప్రతి, 1992 నాటి దర్శకుని ప్రతి, 2007 నాటి తుది కూర్పు అనే ఐదు పాఠాలనూ ఒకేచోట ఇచ్చారు. ఏది మేలైనదో తేల్చుకునే అవకాశం ప్రేక్షకునికి దక్కింది.

'స్టార్ వార్స్' తొలి మూడు చిత్రాల కథ ఇందుకు భిన్నం. దర్శకుడు జార్జ్ లూకాస్ 1997లో వాటికి కొత్త గ్రాఫిక్స్ జోడించి, కొన్ని దృశ్యాలను మార్చారు. ప్రేక్షకులు థియేటర్లలో మొదట చూసిన రూపాలు 2006లో డీవీడీలో అనుబంధంగా మాత్రమే వచ్చాయి. వాటికి కూడా 1993 లేజర్‌డిస్క్ కోసం తయారుచేసిన పాత మాస్టర్‌నే వాడారు. సినీ చరిత్రను మలుపు తిప్పిన రూపమే అందుబాటులో లేకుండా పోవడం అభిమానుల్లో తీవ్ర అసంతృప్తికి కారణమైంది.

తెలుగు సినిమాలోనూ ఇటువంటి ఉదాహరణలకు కొదువ లేదు. 1957 నాటి నలుపు తెలుపుల 'మాయాబజార్'ను రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేశారు. 'పుష్ప 2'కు సుమారు 20 నిమిషాల దృశ్యాలు చేర్చిన కూర్పు 2025 జనవరిలో వచ్చింది. 'బాహుబలి' రెండు భాగాలను కుదించి ఒకే చిత్రంగా కూర్చిన 'బాహుబలి: ది ఎపిక్' అదే ఏడాది అక్టోబరు 31న విడుదలైంది. 2022లో 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న 4కె రీరిలీజుల ధోరణి పాత చిత్రాలను కొత్త మెరుగుతో వెండితెరకు తెచ్చింది. కాని ఈ ప్రతుల్లో చాలావరకు డిస్కులుగా ఇళ్లకు చేరలేదు. ఇరవై ఏళ్ల తరువాత ఒక పరిశోధకుడు ఏ కూర్పును ప్రమాణంగా తీసుకోవాలన్నది తేలని ప్రశ్నగానే మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో మార్పు ఎవరికీ చెప్పకుండా కూడా జరగవచ్చు. 1971 నాటి 'ద ఫ్రెంచ్ కనెక్షన్' చిత్రంలో జాతిపరమైన దూషణ ఉన్న కొన్ని సెకన్ల సంభాషణ స్ట్రీమింగ్ ప్రతిలో లేదని 2023లో ప్రేక్షకులు గుర్తించారు. ఆ దూషణ సమర్థనీయమా కాదా అన్నది వేరే చర్చ. మార్పు జరిగిందని నిరూపించగలిగింది మాత్రం పాత డిస్కులు ఉండబట్టే.

దృశ్యం, శబ్దం: తేడా ఎంత?

4కె స్ట్రీమింగ్‌కు సెకనుకు 15 మెగాబిట్లు లేదా అంతకు మించిన ఇంటర్నెట్ వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. 4కె డిస్కు సెకనుకు గరిష్ఠంగా 128 మెగాబిట్ల దాకా సమాచారాన్ని అందించగలదు. స్ట్రీమింగ్‌లో దృశ్యాన్ని అంత గట్టిగా కుదించక తప్పదు గనుక చీకటి సన్నివేశాలు, పొగ, వర్షం, జనసమూహం వంటి చోట్ల సూక్ష్మ వివరాలు చెరిగిపోతాయి. శబ్దంలోనూ అంతే. డిస్కుల్లో నష్టం లేని ఆడియో ఉండగా, స్ట్రీమింగ్ సేవలు సాధారణంగా కుదించిన ఆడియోనే పంపుతాయి. చిన్న తెరపై, ఫోన్‌లో ఈ తేడా తెలియకపోవచ్చు. పెద్ద టీవీ, మంచి స్పీకర్లు ఉన్న ఇంట్లో స్పష్టంగా తెలుస్తుంది.

అలాగని కొత్త డిస్కు ప్రతిదీ మేలైనదని చెప్పలేం. జేమ్స్ కామెరూన్ చిత్రాలు 'ఏలియన్స్', 'ది అబిస్', 'ట్రూ లైస్' 2024లో 4కె డిస్కులుగా వచ్చినప్పుడు, కంప్యూటర్ సాంకేతికతతో ఫిల్మ్‌లోని సహజమైన రేణువులను చెరిపివేసి ముఖాలను మైనపు బొమ్మల్లా చేశారన్న విమర్శలు వచ్చాయి. పరిష్కర్త అతిగా దిద్దితే మూలం మరుగునపడుతుందన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

భాష, సబ్‌టైటిళ్లు

డీవీడీలో 8 ఆడియో ట్రాక్‌లు, 32 సబ్‌టైటిల్ ట్రాక్‌లు ఉంచవచ్చు. బ్లూరేలో ఆడియోకు కూడా 32 దాకా అవకాశం ఉంది. బహుభాషా దేశమైన భారత్‌కు ఇంతకన్నా అనువైన సదుపాయం లేదు. మూలభాష, అనువాదాలు అన్నీ ఒకే పళ్లెంలో ఇమడగలవు. ఓటీటీలో మాత్రం భాషల వారీగా హక్కులు వేర్వేరు సంస్థలకు అమ్ముడవుతాయి. 2022 మే నెలలో 'ఆర్ఆర్ఆర్' ఓటీటీకి వచ్చినప్పుడు మూలమైన తెలుగు ప్రతి జీ5లో ఉండగా, హిందీ డబ్బింగ్ నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఫలితంగా ప్రపంచంలో ఎందరో ప్రేక్షకులు ఆ తెలుగు చిత్రాన్ని తొలిసారి హిందీలో చూశారు.

సబ్‌టైటిళ్లు కూడా పాఠంలో భాగమే. స్వీడన్ చిత్రం 'లెట్ ద రైట్ వన్ ఇన్' 2009లో అమెరికాలో డిస్కుగా వచ్చినప్పుడు, థియేటర్ ప్రతిలోని ఆంగ్ల అనువాదానికి బదులు మరింత సరళమైన, పొడిబారిన అనువాదాన్ని వాడారు. ప్రేక్షకులు అభ్యంతరం చెప్పడంతో తదుపరి ముద్రణల్లో థియేటర్ అనువాదాన్ని చేర్చి, ఆ సంగతిని పెట్టెపై సూచించారు. తప్పును ఎవరైనా గుర్తించి, పోల్చి, సవరణ కోరగలిగేలా చేయడం స్థిరమైన ప్రతికి ఉన్న ప్రయోజనం.

కొనుగోలా, అనుమతా?

డిస్కు కొన్నవారు దానిని ఎన్నిసార్లైనా చూడవచ్చు, మిత్రులకు ఇవ్వవచ్చు, వారసులకు మిగల్చవచ్చు. డిజిటల్ దుకాణంలో 'కొనండి' అనే మీట నొక్కినప్పుడు దక్కేది సినిమా కాదు, చూసేందుకు అనుమతి మాత్రమే. ఈ తేడాను కొనుగోలుదారులకు స్పష్టంగా తెలపాలంటూ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఓటీటీ కోసమే తీసిన చిత్రాల పరిస్థితి మరింత సున్నితమైనది. 'క్రేటర్' అనే చిత్రాన్ని డిస్నీ ప్లస్ 2023 మే నెలలో విడుదల చేసి, సుమారు ఏడు వారాల్లోనే ఆ వేదిక నుంచి తొలగించింది. దీనికి విరుగుడుగా కొందరు దర్శకులు డిస్కు వైపు చూస్తున్నారు. నెట్‌ఫ్లిక్స్ చిత్రాలైన 'రోమా', 'మ్యారేజ్ స్టోరీ', 'ది ఐరిష్‌మన్' 2020లో క్రైటీరియన్ డిస్కులుగా వచ్చాయి. 2023 నవంబరులో విడుదలైన 'ఓపెన్‌హైమర్' 4కె డిస్కులు తొలి వారంలోనే అనేక దుకాణాల్లో అమ్ముడైపోయాయి. ఏ స్ట్రీమింగ్ సేవా తీసుకుపోలేని విధంగా ఇంట్లో ఉంచుకోదగిన ప్రతి ఇదని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ ఆ సందర్భంగా అన్నారు.

అయినా మొత్తం మార్కెట్ కుంచించుకుపోతోంది. నెట్‌ఫ్లిక్స్ తన డీవీడీ సేవను 2023 సెప్టెంబరులో ముగించింది. అమెరికాలో డిస్కుల వార్షిక అమ్మకాలు 2024లో 100 కోట్ల డాలర్ల లోపుకు పడిపోయాయి. ప్లేయర్ల తయారీ నుంచి శాంసంగ్, ఎల్‌జీ వంటి సంస్థలు తప్పుకున్నాయి. జనసామాన్యపు వస్తువుగా డిస్కు వెనుకబడింది. బ్రిటన్‌లో యారో, అమెరికాలో క్రైటీరియన్ వంటి చిన్న సంస్థల చేతుల్లో సేకర్తల వస్తువుగా నిలదొక్కుకుంది.

కొనేవారు గమనించవలసినవి

విదేశీ డిస్కు తెప్పించుకునే ముందు రీజియన్ కోడ్ చూసుకోవాలి. డీవీడీలకు సంబంధించి భారత్ 5వ రీజియన్‌లో, బ్లూరేలకు సంబంధించి 'సి' రీజియన్‌లో ఉంది. అమెరికా డీవీడీలు 1వ రీజియన్, బ్లూరేలు 'ఎ' రీజియన్ కిందకు వస్తాయి. అవి ఇక్కడి సాధారణ ప్లేయర్లలో ఆడకపోవచ్చు. 4కె డిస్కులకు రీజియన్ కోడ్ ఉండదు. కాని వాటిని సాధారణ బ్లూరే ప్లేయర్ చదవలేదు.

పెట్టె వెనుక మూలభాష ఆడియో, సబ్‌టైటిళ్ల భాషలు, నిడివి, తెర నిష్పత్తి వివరాలు సరిచూడాలి. కొత్త స్కానా, పాత మాస్టరేనా అన్నది తెలుసుకోవాలి. భద్రపరచడమూ ముఖ్యమే. డిస్కులను అంచులు పట్టుకొని తీసి, నిలువుగా, తేమ, ఎండ తగలని చోట ఉంచాలి. డిస్కు శాశ్వతమేమీ కాదు. 2006–2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్ని పాడవుతున్నాయని వార్నర్ బ్రదర్స్ సంస్థ 2025లో అంగీకరించింది.

ప్రేక్షకుని అలమారలోని డిస్కు ఆర్కైవ్‌కు ప్రత్యామ్నాయం కాదు. నెగటివ్‌ను కాపాడే బాధ్యత 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం, 2014లో ముంబయిలో ఏర్పడిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వంటి సంస్థలది. 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటి కూడా నేడు లభ్యం కావడం లేదు. అప్పట్లో ప్రతులను ఇళ్లలో దాచుకునే మార్గం ప్రేక్షకులకు లేదు. నేడు ఆ మార్గం ఉంది. రీరిలీజుల కోసం సిద్ధం చేస్తున్న 4కె ప్రతుల్లో కొన్నింటినైనా మూలభాష ఆడియోతో, పాటల సాహిత్యానికి సైతం సరైన సబ్‌టైటిళ్లతో, కూర్పు వివరాలతో పరిమిత ముద్రణగానైనా వెలువరిస్తే, రాబోయే తరాలకు ఈనాటి తెలుగు సినిమా ఈనాటి రూపంలో అందుతుంది.